ఏఏ-52 మెషిన్‌గన్: యుద్ధానంతర ఫ్రాన్సు ఆయుధ స్వావలంబన - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఫ్రాన్సు సైన్యం చేతిలో ఉన్న ఆయుధాలలో చాలాభాగం ఇతర దేశాలవి. ఆ స్థితి నుండి బయటపడడానికి ఆ దేశం చేసిన ప్రయత్నాలలో ఏఏ-52 మెషిన్‌గన్ ఒకటి. యూరప్‌లో జరగబోయే యుద్ధాన్ని దృష్టిలో ఉంచుకొని, తక్కువ ఖర్చుతో తయారైన ఈ ఆయుధం తొలిసారి విస్తృతంగా పనిచేసింది అల్జీరియా స్వాతంత్ర్య పోరాటాన్ని అణచే ప్రయత్నంలో. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు అది ఫ్రెంచి వాహనాలపై, ఆఫ్రికా జోక్యాలలో కొనసాగి, చివరకు బెల్జియం ఆయుధాలకు చోటిచ్చింది. ఈ ఆయుధపు నిర్మాణంలోను, వినియోగంలోను ఫ్రెంచి రాజ్యం చేసుకున్న ఎంపికలు ఎలా ప్రతిఫలించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఏఏ-52, ఫ్రాన్సు, అల్జీరియా యుద్ధం, వలస పాలన, ఆయుధ పరిశ్రమ, స్వావలంబన, వస్తు సంస్కృతి.

1. ప్రవేశిక

ఆయుధాల చరిత్రను రెండు రకాలుగా రాస్తుంటారు. మొదటి పద్ధతిలో బరువు, వేగం, దూరం వంటి కొలతలే ప్రధానం. రెండవ పద్ధతిలో యుద్ధాలు, సేనానులు, జయాపజయాలు ముందుకు వస్తాయి, ఆయుధం నేపథ్యంలోకి వెళ్లిపోతుంది. ఈ రెండింటి నడుమ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఒక రాజ్యం ఒక ప్రత్యేక కాలంలో అలాంటి ఆయుధాన్నే ఎందుకు తయారు చేసుకుంది? దాన్ని ఎవరి మీద ప్రయోగించింది? వస్తువును ఆధారంగా తీసుకొని సమాజాన్ని చదివే వస్తు సంస్కృతి అధ్యయనాలకు ఇది పరిచితమైన ప్రశ్నే. కుండపెంకు, నాణెం, మగ్గం గురించి అడిగే ఈ ప్రశ్నను ఇరవయ్యవ శతాబ్దపు కర్మాగారంలో తయారైన తుపాకి గురించీ అడగవచ్చు.

అలాంటి పరిశీలనకు ఏఏ-52 అనువైన ఉదాహరణ. దీని పూర్తి ఫ్రెంచి పేరు 'ఆర్మ్ ఆటోమాటిక్ ట్రాన్స్‌ఫార్మాబ్ల్ మోడేల్ 1952'. అవసరాన్ని బట్టి రూపం మార్చుకోగల 1952 నమూనా స్వయంచాలక ఆయుధమని దీని భావం. ఈ పేరులోని 'మార్చుకోగల' అనే విశేషణం దాని నిర్మాణాన్ని సూచించేదే అయినా, దాని చరిత్రకు కూడా వర్తిస్తుంది. ఏ అవసరం కోసం తయారైందో ఆ అవసరానికి కాక వేరొక పనికే అది ఎక్కువగా ఉపయోగపడింది.

2. పూర్వరంగం: రెండు యుద్ధాల నడుమ

ఫ్రాన్సు 1886లో పొగరాని మందుతో పనిచేసే 8 మిల్లీమీటర్ల లెబెల్ తూటాను ప్రవేశపెట్టి సైనిక సాంకేతికతలో ప్రపంచానికి దారి చూపింది. అయితే ముందుగా మేల్కొన్నందుకు కొంత మూల్యం కూడా చెల్లించింది. లెబెల్ తూటా తొడుగు అడుగుభాగాన అంచు ఉంటుంది, తొడుగు పైకి పోయేకొద్దీ బాగా సన్నబడుతుంది. ఒక్కొక్క గుండునే పేల్చే రైఫిల్‌కు దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. వరుసగా తూటాలు అందవలసిన మెషిన్‌గన్‌కు మాత్రం ఆ ఆకారమే అడ్డంకి. మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన షోషా తేలికపాటి మెషిన్‌గన్‌కు అర్ధచంద్రాకారపు మ్యాగజైన్ అమర్చవలసి రావడానికి కారణం ఈ తూటాయే. దాని పక్కభాగం తెరిచి ఉండడంతో కందకాలలోని బురద లోపలికి చేరి తుపాకి మొరాయించేది.

ఆ అనుభవంతో యుద్ధం తరువాత ఫ్రాన్సు ముందుగా తూటాను మార్చింది. 1924లో 7.5 మిల్లీమీటర్ల కొత్త తూటా, దానితోపాటు షాటెల్‌రో ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో కొత్త తేలికపాటి మెషిన్‌గన్ వచ్చాయి. కొత్త తూటా పొడవు జర్మన్ మౌజర్ తూటాకు దగ్గరగా ఉండడంవల్ల, ఒకదానికి బదులు మరొకటి తుపాకిలోకి పోయి ప్రమాదాలు జరిగాయి. అందువల్ల 1929లో తొడుగు పొడవును 58 నుండి 54 మిల్లీమీటర్లకు తగ్గించారు. మెషిన్‌గన్ పేరులో '24/29' అనే జంట సంఖ్య ఈ సవరణకు గుర్తు. 25 తూటాల మ్యాగజైన్ పైనుండి అమరే ఈ తుపాకి నమ్మదగినదిగా పేరు తెచ్చుకుంది. మాజినో దుర్గశ్రేణి కోసం పెద్ద గుండ్రని మ్యాగజైన్‌తో రైబెల్ మెషిన్‌గన్ 1931లో వచ్చింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే 1930ల నాటి ఫ్రెంచి సైనిక ఆలోచన స్పష్టమవుతుంది. సైనికుడు మోసుకుపోయే తేలిక ఆయుధం ఒకటి, కోటగోడలో నిలిపి ఉంచే ఆయుధం మరొకటి. కదిలే యుద్ధం, నిలిచే యుద్ధం వేరువేరనీ, వాటికి ఆయుధాలూ వేరువేరుగా ఉండాలనీ ఆ ఆలోచన భావించింది.

3. 1940 పరాజయం, అరువు ఆయుధాల సైన్యం

1940 మే, జూన్ నెలలలో జర్మన్ దళాలు ఆ ఆలోచనను ఆరు వారాలలో కూలదోశాయి. 1940 జూన్ 22న ఫ్రాన్సు యుద్ధవిరమణ ఒప్పందంపై సంతకం చేసింది. ఆ తరువాత ఫ్రెంచి ఆయుధ కర్మాగారాలు ఆక్రమణదారుల అదుపులోకి వెళ్లాయి. 1943 నుండి ఉత్తర ఆఫ్రికాలో పునర్నిర్మితమైన ఫ్రెంచి సైన్యానికి అమెరికా ఆయుధాలను అందించింది. అంతకుముందు నుంచే ద గాల్ వెంట ఉన్న దళాలు బ్రిటిష్ ఆయుధాలతో పోరాడాయి. యుద్ధం ముగిశాక జర్మన్ ఆయుధాలు కూడా పెద్దసంఖ్యలో ఫ్రాన్సు చేతికి వచ్చాయి.

1946లో ఇండోచైనాలో మొదలైన యుద్ధానికి ఫ్రాన్సు ఈ కలగూరగంప ఆయుధాలతోనే వెళ్లింది. ఒకే సైన్యంలో ఫ్రెంచి 24/29, బ్రిటిష్ బ్రెన్, అమెరికన్ బ్రౌనింగ్, జర్మన్ ఎంజి మెషిన్‌గన్లు పనిచేశాయి. వాటికి వరుసగా 7.5 మిల్లీమీటర్లు, .303 అంగుళాలు, .30 అంగుళాలు, 7.92 మిల్లీమీటర్లు అని నాలుగు రకాల తూటాలు కావాలి. అడవి మధ్యనున్న ఒక స్థావరానికి విమానం నుండి తూటాల పెట్టె జారవిడిచినప్పుడు, అది అక్కడున్న తుపాకికి సరిపోయే తూటాయే అయ్యుండాలి. విడిభాగాల విషయమూ అంతే. ఆయుధాలు తక్కువై కాదు, ఆయుధాల రకాలు ఎక్కువై ఏర్పడిన ఇబ్బంది ఇది.

ఈ ఇబ్బందికి రాజకీయ పార్శ్వం కూడా ఉంది. అరువు ఆయుధానికి తూటా ఇచ్చేదీ, మరమ్మతు భాగం ఇచ్చేదీ అప్పిచ్చినవారే. వారి సమ్మతి లేనిచోట ఆ ఆయుధం ఎక్కువకాలం నిలవదు. 1940లో సొంత ఆయుధాలతో ఓడిన ఫ్రాన్సు, 1944-45లో ఇతరుల ఆయుధాలతో గెలిచింది. ఈ రెండు అనుభవాలూ యుద్ధానంతర పాలకులకు మరపురానివే. మాట్-49 సబ్‌మెషిన్‌గన్, మాస్-49 రైఫిల్, 1950 నమూనా పిస్తోలు, చివరగా ఏఏ-52 మెషిన్‌గన్ వరుసగా రావడం ఈ నేపథ్యంలో అర్థమవుతుంది. ఇవన్నీ త్యూల్, సెంట్ ఎటియెన్, షాటెల్‌రో నగరాలలోని ప్రభుత్వ కర్మాగారాలతో ముడిపడిన ఆయుధాలు. పదాతి సైనికుడి చేతిలోని ప్రతి ఆయుధమూ ఫ్రాన్సులో తయారైనదే కావాలన్న సంకల్పం వీటి వెనుక ఉంది.

4. శత్రువు నుండి నేర్చిన పాఠం

సంకల్పం ఫ్రాన్సుదే అయినా, మెషిన్‌గన్ విషయంలో పాఠం మాత్రం జర్మనీ నుండి వచ్చింది. తేలిక మెషిన్‌గన్, భారీ మెషిన్‌గన్ అనే విభజనను జర్మన్ సైన్యం 1930లలోనే వదిలివేసింది. ఎంజి-34, దాని తరువాత వచ్చిన ఎంజి-42 ఒకే ఆయుధంతో రెండు పనులూ చేశాయి. రెండు కాళ్ల ఊతపై నిలిపితే అది దాడిలో వెంట నడిచే ఆయుధం. ముక్కాలి పీఠంపై అమర్చితే దూరం నుండి ఎడతెగక కాల్చే ఆయుధం. 'బహుళ ప్రయోజన మెషిన్‌గన్' అని పిలిచే తరగతి ఇదే.

ఎంజి-42లో మరొక పాఠం కూడా ఉంది. పాత పద్ధతిలో ఉక్కుదిమ్మను గంటల తరబడి యంత్రాలపై చెక్కి తుపాకి శరీరాన్ని తయారుచేసేవారు. ఎంజి-42లో ఉక్కురేకును అచ్చుల మధ్య అదిమి, వంచి, వెల్డింగ్‌తో అతికించారు. నిపుణులైన పనివారు తక్కువగా ఉన్న యుద్ధకాలంలో ఇది సమయాన్నీ లోహాన్నీ ఆదా చేసింది. యుద్ధంతో శిథిలమైన పరిశ్రమను తిరిగి నిలబెట్టుకుంటున్న ఫ్రాన్సుకు కావలసింది సరిగ్గా ఇదే.

జర్మన్ జ్ఞానం ఫ్రాన్సుకు పట్టుబడిన తుపాకుల ద్వారా మాత్రమే కాక, మనుషుల ద్వారా కూడా చేరింది. యుద్ధం తరువాత మౌజర్ సంస్థకు చెందిన కొందరు ఇంజనీర్లు ఫ్రాన్సు ఏర్పాటు చేసిన ములూజ్ ఆయుధ అధ్యయన కేంద్రంలో పనిచేశారు. వారిలో ఒకరైన లుడ్విగ్ ఫోర్‌గ్రిమ్లర్ 1950లో స్పెయిన్ వెళ్లి అక్కడి సెత్మె రైఫిల్ రూపకల్పనలో ప్రధానపాత్ర వహించాడు. పేలుడు ఒత్తిడికి బోల్టు వెంటనే తెరుచుకోకుండా కొద్దిక్షణం ఆలస్యం చేసే పద్ధతులపై ఆ కాలంలో ఫ్రాన్సులో గట్టి ఆసక్తి ఉండేది. ఏఏ-52 ఎంచుకున్నది ఆ కుటుంబానికే చెందిన మరో పద్ధతి. అందులో ఆలస్యం చేసే పని మీటది. ఇంతకుముందే హంగేరీలో పాల్ కిరాయ్ రూపొందించిన సబ్‌మెషిన్‌గన్‌లలో ఈ పద్ధతి వాడుకలో ఉంది.

5. నిర్మాణం, పనితీరు

మెషిన్‌గన్ పేలినప్పుడు ఖాళీ తొడుగును బయటకు తీసి, కొత్త తూటాను లోపలికి నెట్టే శక్తి ఎక్కడి నుండి రావాలన్నది ప్రతి రూపకర్తకూ ఎదురయ్యే ప్రశ్న. చాలా మెషిన్‌గన్లలో గొట్టానికి చిన్న రంధ్రం పెట్టి, ఆ వాయువుతో ఒక పిస్టన్‌ను నడుపుతారు. ఏఏ-52లో రంధ్రమూ లేదు, పిస్టనూ లేదు. తొడుగే వెనక్కి తన్ని బోల్టును నెడుతుంది. అయితే గుండు గొట్టం దాటకముందే బోల్టు పూర్తిగా తెరుచుకుంటే తొడుగు చిట్లి సైనికుడికే ప్రమాదం. దీన్ని ఆపేందుకు బోల్టును తేలికైన తల, బరువైన మొండెం అని రెండు భాగాలుగా చేసి, వాటి నడుమ ఒక చిన్న మీటను అమర్చారు.

గడ్డపారతో బండరాయిని లేపేవాడు పొడవాటి కొసను పట్టుకుంటాడు. అతని చేయి చాలా దూరం కదిలితే రాయి కొద్దిగా లేస్తుంది, బలం మాత్రం అతనికి కలిసివస్తుంది. అదే గడ్డపారను పొట్టి కొస నుండి కదపబోతే ఎంత కష్టమో ఏఏ-52లోని తూటా తొడుగుకు అంత కష్టం. మీట పొట్టి కొస తుపాకి శరీరంలోని గాడికి ఆని ఉంటుంది, పొడవాటి కొస బరువైన మొండేన్ని నెడుతుంది. బోల్టు తల కొద్దిగా వెనక్కి జరగాలన్నా మొండెం దానికంటె చాలా ఎక్కువ దూరం, ఎక్కువ వేగంతో కదలవలసి ఉంటుంది. ఆ కొద్దిపాటి ఆలస్యంలో గుండు గొట్టం దాటిపోతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఆ తరువాత మీట గాడి నుండి విడివడి, బోల్టు మొత్తం ఒకటిగా వెనక్కి పోతుంది.

ఒత్తిడి పూర్తిగా తగ్గకముందే తొడుగు కదలడం మొదలవుతుంది కనుక, అది గది గోడలకు అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అందుకు తూటా గది లోపల సన్నని గాళ్లు తీశారు. వాయువు ఆ గాళ్లలోకి చేరి తొడుగును గోడల నుండి కొంత విడదీస్తుంది. ఈ తుపాకి నుండి రాలిన ఖాళీ తొడుగులపై ఆ గాళ్ల గీతలు కనిపిస్తాయి. తూటా నాణ్యత, మీట అరుగుదల ఈ పద్ధతిలో కీలకం. తక్కువ భాగాలతో నిర్మాణం సులభమైంది కాని, వాటి కొలతలలో తప్పుకు చోటు తగ్గింది.

శరీరాన్ని అర్ధవృత్తాకారపు రేకు భాగాలను వెల్డింగ్‌తో కలిపి తయారు చేశారు. తూటాలు బెల్టు ద్వారా అందుతాయి, ఆ అమరికలో ఎంజి-42 ప్రభావం కనిపిస్తుంది. గొట్టాలు రెండు రకాలు. 500 మిల్లీమీటర్ల తేలిక గొట్టంతో తుపాకి బరువు సుమారు 10 కిలోలు. 600 మిల్లీమీటర్ల భారీ గొట్టంతో సుమారు 11.4 కిలోలు. నిమిషానికి సుమారు 700 గుళ్లు పేల్చే వేగం ఎంజి-42 వేగంలో సగానికి కొంచెం ఎక్కువ. వెనుక మడమ లోపలికి జారేలా ఉండడంవల్ల వాహనాలలో, విమానాలలో తీసుకుపోవడం సులువైంది.

లోపాలు కూడా ఖర్చు తగ్గించే ఆలోచన నుండే పుట్టాయి. రెండు కాళ్ల ఊతను తుపాకి శరీరానికి కాక గొట్టానికి అమర్చారు. ఎడతెగని కాల్పులతో వేడెక్కిన గొట్టాన్ని మార్చేటప్పుడు ఊత కూడా దానితోపాటే ఊడివస్తుంది. అప్పుడు తుపాకిని సైనికుడు చేతితోనో, మడమ కింది ఒంటికాలి ఆధారంతోనో నిలపవలసి వచ్చేది. భారీ గొట్టంతో ముక్కాలి పీఠంపై అమర్చేటప్పుడు వాడినది అమెరికన్ ఎం-2 పీఠం. స్వావలంబన కోసం తయారైన తుపాకి అరువు పీఠంపై నిలబడడం ఆ కాలపు ఫ్రాన్సు స్థితిని చక్కగా చూపిస్తుంది.

అయినప్పటికీ కాలక్రమంలో దీని స్థానాన్ని తక్కువగా అంచనా వేయరాదు. బెల్జియం మాగ్, అమెరికా ఎం-60 సేవలోకి వచ్చింది 1950ల చివరి సంవత్సరాలలో. బహుళ ప్రయోజన మెషిన్‌గన్ అనే జర్మన్ ఆలోచనను అందుకున్న తొలి యుద్ధానంతర ఆయుధాలలో ఏఏ-52 ఒకటి.

6. అల్జీరియా: యుద్ధమని పిలవని యుద్ధం

కొత్త తుపాకి సైన్యంలోకి చేరుతున్న సంవత్సరాలలోనే ఫ్రెంచి సామ్రాజ్యం కుంచించుకుపోతోంది. 1954 మే 7న దియన్ బియన్ ఫూ పతనమై ఇండోచైనాలో ఫ్రెంచి పాలన ముగింపుకు వచ్చింది. ఆ తరువాత అయిదు వారాలకు, జూన్ 13న, గోదావరి ఒడ్డున తెలుగువారి యానాం ఫ్రెంచి పాలన నుండి విముక్తమైంది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలనను ఫ్రాన్సు 1954 నవంబరు 1న భారతదేశానికి అప్పగించింది. సరిగ్గా అదేరోజున అల్జీరియాలో జాతీయ విమోచన సంఘటన సాయుధ తిరుగుబాటును ప్రారంభించింది. భారతదేశంలోని చిన్న స్థావరాలను చర్చలతో వదులుకున్న రాజ్యమే, పదిలక్షలమంది యూరోపియన్ వలసవాసులు ఉన్న అల్జీరియాను తన భూభాగంలో భాగమని ప్రకటించి సైన్యాన్ని దింపింది. ఒక తారీఖు, ఒకే రాజ్యం, రెండు భిన్నమైన నిర్ణయాలు. యానాం చరిత్రను అధ్యయనం చేసేవారు ఈ రెండవ నిర్ణయాన్ని కూడా గుర్తుంచుకోవడం అవసరం.

ఏఏ-52 విస్తృతంగా ఉపయోగంలోకి వచ్చింది అల్జీరియాలోనే. నాలుగు లక్షలకు పైగా ఫ్రెంచి సైనికులు ఏకకాలంలో అక్కడ మోహరించిన దశ ఉంది. వారిలో ఎక్కువమంది నిర్బంధ సైనికసేవ కింద వచ్చిన యువకులు. కొద్దికాలంలో నేర్చుకోదగిన, తక్కువ భాగాలున్న ఆయుధం అలాంటి సైన్యానికి అనుకూలించింది. పాత 24/29 పూర్తిగా తొలగిపోలేదు, రెండూ పక్కపక్కనే పనిచేశాయి. అల్జీరియా కొండలలో గెరిల్లా దళాల వెంట నడిచే చిన్న పటాలానికి పది కిలోల తుపాకి, దాని బెల్టులు, మార్చే గొట్టం ఎంత భారమో ఊహించవచ్చు. విశాలమైన యూరప్ మైదానాలలో సాయుధదళాలను ఎదుర్కోవడానికి రూపొందిన ఆయుధం, గ్రామాల మధ్య, కొండదారులలో, జనం నడుమ జరిగే పోరుకు వచ్చింది.

ఈ వినియోగానికి ఫ్రాన్సు పెట్టిన పేరు గమనార్హం. అధికారికంగా అది యుద్ధం కాదు, 'శాంతిభద్రతల పరిరక్షణ చర్య'. 1962లో అల్జీరియా స్వతంత్రమైన తరువాత కూడా ఆ మాటే కొనసాగింది. 1999 అక్టోబరులో చేసిన చట్టం ద్వారానే ఫ్రెంచి పార్లమెంటు దాన్ని 'అల్జీరియా యుద్ధం'గా గుర్తించింది. బహుళ ప్రయోజన మెషిన్‌గన్ శాంతిభద్రతల పరికరం కాదు. అధికార భాష దాచిన సత్యాన్ని అక్కడ ప్రయోగించిన ఆయుధం 37 ఏళ్ల ముందే చెబుతోంది. రాజ్యం వాడే పదానికీ, వాడే వస్తువుకూ మధ్య ఇలాంటి వైరుధ్యం కనిపించినచోట చరిత్రకారుడు వస్తువును సాక్ష్యంగా తీసుకోవడం సమంజసం.

అయితే ఆ సాక్ష్యానికి హద్దులున్నాయి. తుపాకి బరువు, వేగం, ఉత్పత్తి గురించి రాతలు లభిస్తాయి, దాని గొట్టం ఎదుట నిలిచినవారి లెక్క మాత్రం నేటికీ వివాదమే. ఫ్రాన్సు పక్షాన మరణించిన సైనికులు సుమారు 25 వేలమంది. అల్జీరియా మృతులు 15 లక్షలని ఆ దేశ ప్రభుత్వం చెబుతుంది, చరిత్రకారుల అంచనాలు దానికంటె చాలా తక్కువగా ఉంటూ తమలోతాము విభేదిస్తాయి. కొలతలతో నిండిన ఆయుధ చరిత్రలో ఈ ఒక్క కొలత తేలకుండా ఉండడం యాదృచ్ఛికం కాదు. లెక్క రాసే కాగితమూ, కలమూ ఒక పక్షం చేతిలోనే ఉన్నాయి.

7. తూటా రాజకీయం

1949లో ఏర్పడిన నాటో కూటమిలో ఫ్రాన్సు వ్యవస్థాపక సభ్యదేశం. 1950ల మధ్యలో కూటమి దేశాలు 7.62 మిల్లీమీటర్ల ఉమ్మడి తూటాను ప్రమాణంగా స్వీకరించాయి. ఏఏ-52 మాత్రం ఫ్రెంచి 7.5 మిల్లీమీటర్ల తూటాతోనే పుట్టింది. రైఫిళ్లు, పాత మెషిన్‌గన్లు, తూటా నిల్వలు అన్నీ దానిపైనే ఆధారపడి ఉండగా తూటాను మార్చడమంటే మొత్తం వ్యవస్థను మార్చడమే. ఇండోచైనాలో నాలుగు తూటాల ఇబ్బందిని చవిచూసిన సైన్యం స్వదేశంలో ఏకరూపత సాధించింది కాని, మిత్రదేశాలతో ఏకరూపతను కోల్పోయింది.

ద గాల్ నాయకత్వంలో ఫ్రాన్సు 1960 ఫిబ్రవరిలో అల్జీరియా సహారాలోని రెగ్గాన్‌లో తొలి అణుపరీక్ష జరిపింది. 1966లో నాటో సమైక్య సైనిక కమాండ్ నుండి వైదొలగింది. రక్షణ స్వావలంబన అనే ఆలోచన ఇప్పుడు మెషిన్‌గన్ స్థాయి నుండి అణ్వస్త్ర స్థాయికి ఎదిగింది. ఆసక్తికరమైన విషయమేమంటే, నాటో కమాండ్‌ను విడిచిన సైన్యమే తన మెషిన్‌గన్‌ను నాటో తూటాకు అనుగుణంగా మార్చుకుంది. 7.62 మిల్లీమీటర్ల ఈ రూపాన్ని ఏఏ-ఎన్‌ఎఫ్1 అని పిలిచారు. రాజకీయంగా దూరం జరిగినా, సరఫరా వ్యవస్థలు దగ్గర కావలసి వచ్చింది. సార్వభౌమత్వపు ప్రకటన, తూటా పెట్టె వేరువేరు దారుల్లో నడిచాయి.

8. వాహనాలపై రెండవ జీవితం

పదాతి సైనికుడి భుజంపై భారంగా తోచిన తుపాకికి వాహనాలపై ఆ ఇబ్బంది లేదు. సాయుధ వాహనాల శ్రేణిలో పనార్ ఏఎంఎల్, ఏఎంఎక్స్-10ఆర్‌సి, ఏఎంఎక్స్-30 ట్యాంకు, వాబ్ సైనికవాహనం, చివరకు లెక్లెర్క్ ట్యాంకు మీద కూడా ఏఏ-52 లేదా దాని నాటో రూపం కనిపిస్తుంది. హెలికాప్టర్లలోనూ వాడారు. ఏఎంఎల్ వాహనాలను ఫ్రాన్సు అనేక దేశాలకు విక్రయించింది. వాహనంతోపాటు తుపాకి కూడా ప్రయాణించింది.

వలసలు స్వతంత్రమైన తరువాత కూడా ఆఫ్రికాలో ఫ్రెంచి సైనిక ప్రమేయం ఆగలేదు. 1978 మేలో విదేశీ సైనికదళానికి చెందిన రెండవ పారాచూట్ రెజిమెంటు జైర్‌లోని కొల్వేజిలో దిగినప్పుడు దాని మెషిన్‌గన్ ఏఏ-52. చాడ్‌లో పలుదఫాలుగా జరిగిన జోక్యాలలో, 1991 గల్ఫ్ యుద్ధంలో, ఆ తరువాత ఆఫ్ఘనిస్థాన్‌లో అది కొనసాగింది. 1950ల తొలినాళ్లలో పొదుపు కోసం రేకుతో రూపొందిన తుపాకి ఇరవై ఒకటవ శతాబ్దంలో కూడా పనిచేయడానికి దాని శ్రేష్ఠత ఒక్కటే కారణం కాదు. పెద్ద సంఖ్యలో నిల్వలున్నాయి, విడిభాగాలున్నాయి, నేర్చినవారున్నారు. అణుదళానికి, విమానాలకు నిధులు ముందుగా వెళ్లే వ్యవస్థలో, పనిచేస్తున్న మెషిన్‌గన్‌ను మార్చడం ఎప్పుడూ వాయిదాపడే అంశమే.

9. నిష్క్రమణ

ఈ తుపాకిని పుట్టించిన కర్మాగారాలు దానికంటె ముందే కనుమరుగయ్యాయి. షాటెల్‌రో కర్మాగారం 1968లో మూతపడింది. 1764లో రాజకర్మాగారంగా మొదలైన సెంట్ ఎటియెన్ 2001లో ఆయుధ తయారీని ముగించింది. ఆ ప్రాంగణంలో నేడు రూపకల్పన విద్యకు, ప్రదర్శనలకు చెందిన 'సితే ద్యు దిజైన్' నడుస్తోంది. నిర్బంధ సైనికసేవ కూడా సుమారు అదేకాలంలో ఆగిపోయింది. పెద్ద సైన్యం, చౌక ఆయుధం, ప్రభుత్వ కర్మాగారం అనే మూడింటి కలయికపై నిలబడిన వ్యవస్థలో మూడు కాళ్లూ ఒకదాని వెంట ఒకటి తొలగిపోయాయి.

పదాతిదళంలో ఏఏ-52 స్థానాన్ని మొదట బెల్జియం మినిమి, ఆ తరువాత బెల్జియానికే చెందిన మాగ్ తీసుకున్నాయి. ఏఏ-52 తరహాలోనే మీట పద్ధతిపై సెంట్ ఎటియెన్‌లో తయారైన ఫామాస్ రైఫిల్ స్థానంలో 2016లో జర్మన్ రైఫిల్‌ను ఎంపిక చేశారు. ఫ్రెంచి సైనికుడి చేతిలో ప్రతి ఆయుధమూ ఫ్రెంచిదే కావాలన్న 1950ల సంకల్పం ఇలా ముగిసింది. అయితే ఈ ముగింపు 1945 నాటి దీనస్థితికి తిరిగి వెళ్లడం కాదు. అప్పుడు ఎంపికే లేదు, ఇప్పుడు ఐరోపా సమాఖ్య భాగస్వాముల నుండి కొనడమన్నది తెలిసి చేసిన ఎంపిక. అయినా, ఒకసారి మూతపడిన కర్మాగారంలోని నైపుణ్యాన్ని మళ్లీ కూడగట్టడం కొనుగోలు ఒప్పందమంత సులభం కాదు. ఆయుధ స్వావలంబన గురించి నేడు ఆలోచించే ఏ దేశానికైనా ఈ అంశం పరిశీలనార్హం.

10. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. ఏఏ-52 రూపకల్పనకు ప్రేరణ యుద్ధకౌశలం కంటె ఎక్కువగా సరఫరా సంక్షోభం. ఇండోచైనాలో పలురకాల తూటాలతో పడిన ఇబ్బంది, అరువు ఆయుధాలపై ఆధారపడడం దానికి మూలకారణాలు.

2. రేకు శరీరం, పిస్టన్ లేని యంత్రాంగం, గొట్టానికే అమరిన ఊత వంటి లక్షణాలలో శిథిల పరిశ్రమ గల దేశపు పొదుపు కనిపిస్తుంది. దాని గుణాలూ లోపాలూ ఒకే మూలం నుండి వచ్చాయి.

3. స్వావలంబన ఆయుధమైనా దానిలో జర్మన్ ఆలోచన, అమెరికన్ పీఠం, చివరకు నాటో తూటా చేరాయి. ఆయుధ స్వావలంబన సంపూర్ణంగా కాక ఎప్పుడూ పాక్షికంగానే సాధ్యమైంది.

4. సామ్రాజ్యం నుండి వేరైన ఫ్రాన్సును రక్షించడానికి అని చెప్పదగిన ఆయుధం, సామ్రాజ్యాన్ని నిలుపుకొనే ప్రయత్నంలోనే మొదట పెద్దయెత్తున ప్రయోగమైంది. అది యుద్ధం కాదన్న అధికార భాషను ఆ ఆయుధమే ఖండిస్తుంది.

ఒక దేశం తన కోసం తాను ఆయుధం తయారు చేసుకోవడాన్ని స్వాతంత్ర్య చిహ్నంగా చెప్పుకోవడం పరిపాటి. ఏఏ-52 చరిత్ర ఆ మాటకు మరో మాటను జోడించమంటుంది. ఫ్రాన్సు స్వాతంత్ర్యానికి చిహ్నంగా తయారైన తుపాకి అల్జీరియా స్వాతంత్ర్యానికి ఎదురుగా నిలిచింది. ఆయుధ చరిత్రను రాసేవారు దాన్ని తయారుచేసిన చేతుల గురించి ఎంత శ్రద్ధగా రాస్తారో, అది గురిపెట్టిన మనుషుల గురించి కూడా అంతే శ్రద్ధగా రాసినప్పుడే ఆ చరిత్ర పూర్తవుతుంది.